5 గంటల షూటింగ్, 30 గంటల పని: ఫొటోగ్రఫీతో అదనపు ఆదాయంపై ఒక కేస్ స్టడీ

ఉద్యోగం చేసుకుంటూ కెమెరాతో నాలుగు డబ్బులు సంపాదించాలనుకునేవాళ్లకు సలహా ఇచ్చే పనిలో వచ్చిన కేసు ఇది. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. డబ్బును ఏ దేశపు కరెన్సీలోనూ చెప్పడం లేదు. ఆమె ఉద్యోగంలో గంటకు చేతికొచ్చే జీతాన్ని 100 పాయింట్లుగా పెట్టుకుని మిగతా లెక్కలన్నీ దాంతోనే కొలిచాను. చదివేవాళ్లు తమ జీతాన్ని పెట్టుకుని చూసుకుంటే సరిపోతుంది.

నేపథ్యం

ఆమెది పూర్తికాలపు ఆఫీసు ఉద్యోగం. చేతిలో 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ (మధ్యస్థ సైజు సెన్సర్) కెమెరా, దాంతో వచ్చిన 18-55 మి.మీ. జూమ్ లెన్సు, 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ వెలుగు తీసుకుంటుంది), ఒక 70-300 జూమ్, తేలికపాటి ట్రైపాడ్ ఉన్నాయి. చాలా ఏళ్లుగా పక్షులు, ప్రకృతి దృశ్యాలు తీస్తున్నారు. ఫొటోలు నిజంగా బాగుంటాయి. ఫొటోలు బాగోలేని మనిషికి ముందు చెప్పాల్సిన మాటలు వేరే ఉంటాయి కాబట్టి ఈ సంగతి ముందే చెబుతున్నాను.

జీతానికి వేణ్ణీళ్లకు చన్నీళ్లలా నెల జీతంలో పదో వంతు వస్తే చాలన్నది ఆమె లక్ష్యం. నెలకు 170 పని గంటలంటే జీతం 17,000 పాయింట్లు, లక్ష్యం 1,700 పాయింట్లు. ఖాళీ సమయం ఎంత ఉంటుందని అడిగితే నెలకు 40 గంటలన్నారు. నేను 24 రాసుకున్నాను. అలసట, జబ్బు, ఆఫీసులో పని పెరిగే వారాలు, ఇంటి పనులు ఏ నెలలోనూ లేకుండా పోవు. 40కి ప్లాన్ వేస్తే మొదటి నెలలోనే ఎవరికో ఇచ్చిన గడువు దాటిపోతుంది.

1,700ను 24తో భాగిస్తే గంటకు 71. ఖర్చులు పోగా గంటకు 71 మిగలని పని ఎంత ఇష్టమైనదైనా ఈ లక్ష్యానికి పనికిరాదు. ఆ తర్వాత తీసుకున్న ప్రతి నిర్ణయానికీ ఈ అంకే గీటురాయి.

వీటన్నిటికంటే ముందు ఆమె ఉద్యోగ ఒప్పందం చదివించాను. బయట ఆదాయానికి అనుమతి అవసరమా, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో సొంత పని చేయకూడదన్న షరతు ఉందా అన్నవి చూడాలి. రెండూ ఉన్నాయి. రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకున్నారు. ఎడిటింగ్‌ను తన పాత కంప్యూటర్‌కు మార్చుకున్నారు. వచ్చే డబ్బు కోసం విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరిచారు. పన్ను లెక్క చూపాల్సిన రోజు ఇంటి ఖర్చులు, ఫొటోల ఆదాయం కలగాపులగం కాకుండా ఉండేందుకు ఇంతకంటే తేలికైన పద్ధతి లేదు.

ఏ సమస్యతో వచ్చారు

"ఏ లెన్సు కొంటే ఆదాయం పెరుగుతుంది?" అన్నది ఆమె ప్రశ్న. అప్పటికి ఏడాదిగా మూడు స్టాక్ ఫొటో సైట్లకు (కావలసినవాళ్లకు ఫొటోల వాడకం హక్కు అమ్మిపెట్టే సైట్లు) ఫొటోలు పంపుతున్నారు. మూడు వేడుకలకు షూటింగ్ చేశారు. ఒకసారి పెద్ద ప్రింట్లు వేయించి అమ్మకానికి పెట్టారు. ఎందులోనూ నిలకడ లేదు. పరికరాలు చాలకే ఇలా అవుతోందని ఆమె నమ్మకం.

లెన్సు సంగతి పక్కన పెట్టి, ప్రతి పనికీ ఎన్ని గంటలు పట్టిందో పాత మెసేజీలు, ఫైళ్ల తేదీలు చూసి రాయమన్నాను. ఫొటో ఫైళ్లలో తీసిన సమయం, ఎడిట్ చేసిన సమయం రెండూ ఉంటాయి కాబట్టి ఇది అనుకున్నంత కష్టం కాదు. ఆ పట్టిక రాకముందు ఏ సలహా ఇచ్చినా అది ఊహే.

స్టాక్ ఫొటోలు: ఏడాది లెక్క

పంపినవి 612, ఆమోదం పొందినవి 431. ఎంపిక, ఎడిటింగ్, శీర్షిక, కీవర్డులు కలిపి ఫొటోకు సగటున 25 నిమిషాలు. మొత్తం 255 గంటలు. ఏడాదికి వచ్చింది సుమారు 1,000 పాయింట్లు, అంటే గంటకు 4. అదీ మూడు సైట్లలో చీలిపోయి ఉండటంతో, డబ్బు బయటకు తీసుకోవడానికి కావలసిన కనీస మొత్తానికి ఏ ఖాతా చేరలేదు.

తిరస్కరణలకు కారణాలు చూస్తే పక్షుల ఫొటోల్లో నాయిస్ (ఇసుక చల్లినట్టుండే చుక్కలు), ఫోకస్ తప్పడం, ఒకే దృశ్యం నుంచి ఎనిమిదేసి ఫ్రేములు పంపడం, వీధి ఫొటోల్లో కంపెనీల లోగోలు. ఇవి సరిదిద్దుకోగలిగినవే. అసలు సమస్య ఆమోదం పొందిన 431లోనే ఉంది. అవి సూర్యాస్తమయాలు, పూలు, కొండలు. అలాంటివి ఆ సైట్లలో లక్షల్లో ఉన్నాయి. కొనేవాడికి కావలసింది అందమైన పువ్వు కాదు. తన ప్రకటనలో మాటలు రాసుకోవడానికి ఒక పక్క ఖాళీ ఉన్న, ఒక పని జరుగుతున్నట్టు చూపే ఫొటో.

ఆదాయం చీలే తీరు కూడా ఆమెకు స్పష్టంగా తెలియదు. అడోబ్ స్టాక్ ఫొటోలకు 33 శాతం ఇస్తుంది. షటర్‌స్టాక్ 2020 జూన్ నుంచి 15 నుంచి 40 శాతం దాకా అంచెలు పెట్టింది. ఎన్ని డౌన్‌లోడ్లయితే అంత పై అంచె. అయితే జనవరి 1న అందరూ మళ్లీ కింది అంచెకు వస్తారు. తక్కువ ఫొటోలున్న పార్ట్‌టైమ్ మనిషికి ఈ పద్ధతి బాగా నష్టం, పై అంచె ఎక్కేలోపే ఏడాది తిరిగిపోతుంది.

అయినా వెంటనే మానేయమనలేదు. విషయం మార్చితే ఫలితం మారుతుందా అన్నది తేలకుండా మానేస్తే ఆమె మనసులో అనుమానం మిగిలిపోతుంది. 60 ఫొటోల చిన్న ప్రయోగం పెట్టాం. చేతులతో చేసే పనులు, పనిముట్లు, ఫ్రేములో మూడో వంతు ఖాళీ, కనిపించిన ప్రతి మనిషి నుంచి సంతకం చేసిన మోడల్ రిలీజ్ (తన ఫొటోను వాణిజ్యానికి వాడుకోవచ్చన్న అనుమతి పత్రం). కీవర్డుల్లో మొదటి పదింటినీ అతి ముఖ్యమైనవాటితో నింపారు. అడోబ్ స్టాక్ 49 కీవర్డుల దాకా తీసుకున్నా, వెతుకులాటలో మొదటి పదికే ఎక్కువ బరువు ఉంటుంది. నాలుగు నెలల్లో ఈ 60 ఫొటోలు పాత 431 కంటే ఎక్కువసార్లు అమ్ముడయ్యాయి. కానీ వీటికి ఫొటోకు 40 నిమిషాలు పట్టింది. గంటకు 4 ఉన్నది 11 అయింది. 71 ఎక్కడ, 11 ఎక్కడ? అప్పుడు ఆపాం. పాతవి సైట్లలో అలాగే ఉన్నాయి, వచ్చినంత వస్తుంది.

వేడుకలు: లెక్కలో కనిపించని గంటలు

ఒక వేడుకకు 5 గంటల షూటింగ్, ఫీజు 1,800 పాయింట్లు. గంటకు 360 వచ్చిందని ఆమె సంతోషించారు. పట్టిక వేశాక 1,400 ఫ్రేముల్లోంచి ఏరడానికి 4 గంటలు, 210 ఫొటోల ఎడిటింగ్‌కు 14, రానూపోనూ 2, ముందు మాటలు, తర్వాత "ఇందులో మా వాళ్లు లేరు" అన్న ఫోన్లు కలిపి 5 తేలాయి. మొత్తం 30 గంటలు. అద్దెకు తెచ్చిన ఫ్లాష్, ప్రయాణం ఖర్చు 240 తీసేస్తే మిగిలింది 1,560. గంటకు 52.

52 మరీ తక్కువేం కాదు, రేటు పెంచితే 71 దాటొచ్చు. ఆమె వాదన కూడా అదే. నేను ఒప్పుకోకపోవడానికి మూడు కారణాలున్నాయి. మొదటిది, ఆమె కెమెరాలో కార్డు పెట్టే చోటు ఒక్కటే. మళ్లీ జరగని సందర్భానికి ఒకే కార్డు మీద ఆధారపడటం డబ్బు తీసుకుని చేసే పనిలో తగదు. రెండోది, 18-55 లెన్సు 55 దగ్గర ఎఫ్/5.6. గదిలో వెలుగు తక్కువైతే ఐఎస్‌వోను (కెమెరా వెలుగుకు స్పందించే స్థాయి) 6400కు పెంచాలి, ఆ నాయిస్ తీయడానికే ఎడిటింగ్ గంటల్లో సగం పోయాయి. ఈ రెండూ సరిచేయాలంటే కొత్త కెమెరా, కొత్త లెన్సు కొనాలి. ఇంకా ఆదాయమే లేని చోట అప్పు మొదలవుతుంది.

మూడోదే అసలైనది. ఆ 30 గంటల్లో ఆమె తగ్గించగలిగినవి ఎన్ని? వేడుక ఎంతసేపు జరుగుతుందో ఆమె చేతిలో లేదు. ప్రతి వేడుకలో గది వేరు, వెలుగు వేరు, మనుషులు వేరు. ఒకదానికి కనిపెట్టిన పద్ధతి ఇంకోదానికి పనికిరాదు. పదో వేడుకకు కూడా 25 గంటలు పడతాయి. పైగా గడువు ఆఫీసులో పని ఎక్కువున్న వారంలోనే వచ్చి పడవచ్చు. ఒకసారి అలాగే పడి ఫొటోలు మూడు వారాలు ఆలస్యమయ్యాయి.

ప్రింట్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. 6000 × 4000 పిక్సెళ్ల ఫైలు 300 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్లు) దగ్గర 20 × 13.3 అంగుళాలు వస్తుంది, నాణ్యతకు లోటు లేదు. కానీ ముందే డబ్బు పెట్టి 15 వేయించారు, 4 అమ్ముడయ్యాయి. ఎవరైనా అడిగితే డబ్బు తీసుకుని వేయించి ఇవ్వడం తప్ప, ముందుగా వేయించి పెట్టుకోవడం మానేశారు.

వస్తువుల ఫొటోలు: మొదటి దెబ్బ

ఈలోగా చేతితో చేసిన సిరామిక్ కప్పులు ఆన్‌లైన్‌లో అమ్మే ఒకరు 12 కప్పులకు నాలుగేసి కోణాల్లో, మొత్తం 48 ఫొటోలు అడిగారు. ఫొటోకు 20 పాయింట్ల చొప్పున 960. కిటికీ పక్కన బల్ల వేసుకుని సాయంత్రం మొదలుపెట్టారు. ఎండ తగ్గాక గదిలో బల్బు వేశారు. 6 గంటల షూటింగ్, 11 గంటల ఎడిటింగ్. అమ్మకందారు ఫొటోలు తిప్పి పంపారు. కప్పు ఆకుపచ్చ-నీలం, ఫొటోలో బూడిద రంగు. మళ్లీ 5 గంటలు తీయాల్సి వచ్చింది. ఫోన్లు, తెచ్చి ఇవ్వడం కలిపి ఇంకో 4న్నర. మొత్తం 26న్నర గంటలు, గంటకు 36.

వేడుక కంటే కూడా తక్కువ. ఆమె దీన్ని వదిలేసి వేడుకలకే రేటు పెంచుదామన్నారు. ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువసేపు చర్చించిన నిర్ణయం ఇదే. ఇప్పుడెంత వస్తోందని చూస్తే వేడుకే మేలు. ఆ గంటలు ఎందుకు పట్టాయని అడిగితే సమాధానం తిరగబడుతుంది. రెండోసారి తీసిన 5 గంటలు వెలుగు తప్పువల్ల. ఎడిటింగ్ 11 గంటల్లో ఎక్కువ భాగం బ్యాక్‌గ్రౌండ్ కత్తిరించడం, రంగు సరిచేయడం, దుమ్ము తుడవడం. ఇవన్నీ ఒక్కసారి పరిష్కరిస్తే మళ్లీ రానివి. వస్తువు కదలదు, బల్ల కదలదు, వెలుగు ఆమె పెట్టినదే. పైగా కప్పులు అమ్మేవాళ్లు ప్రతి నెలా కొత్తవి చేస్తారు. వేడుక మళ్లీ రాదు, సరుకు మళ్లీ వస్తుంది. రాత్రి 9కైనా, ఆదివారం పొద్దునైనా తీసుకోవచ్చు.

కాబట్టి రెండు నెలలు కొత్త పని ఏదీ ఒప్పుకోకుండా ఈ ఒక్క పద్ధతినే సరిచేయమన్నాను.

రంగు ఎందుకు తప్పింది

కారణాలు రెండు, ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కిటికీ వెలుగు దాదాపు 5500 కెల్విన్ (వెలుగు రంగును కొలిచే ప్రమాణం), బల్బు 2700-3000. ఒకే ఫ్రేములో రెండూ ఉంటే కప్పుకు ఒక పక్క నీలం, ఇంకో పక్క పసుపు. ఏ వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా చేసే సర్దుబాటు) పెట్టినా ఒక పక్కే సరి అవుతుంది. ఎడిటింగ్‌లో ఆమె రంగుల గాఢత తగ్గిస్తూ పోయింది అందుకే.

రెండోది, ఫైళ్లను అడోబ్ ఆర్‌జీబీలో (మామూలు తెరల కంటే ఎక్కువ రంగులు పట్టే పద్ధతి) సేవ్ చేసి పంపారు. అప్‌లోడ్‌లో ప్రొఫైల్ (ఫైల్లోని రంగుల్ని ఎలా చదవాలో చెప్పే సమాచారం) ఊడిపోయినా, చూపించే యాప్ దాన్ని పట్టించుకోకపోయినా ఆ ఫైలు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. ఆకుపచ్చ-నీలం రంగులకు ఇది మరీ ఎక్కువ. ఆన్‌లైన్‌కు వెళ్లే ప్రతి జేపెగ్ వెబ్‌కు మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీలో ఉండాలి. మానిటర్ వెలుతురు కూడా ఎక్కువగా పెట్టుకునేవారు. ప్రకాశవంతమైన తెర మీద సరిగ్గా కనిపించేలా సర్దిన ఫొటో మిగతాచోట్ల చీకటిగా పడుతుంది. అద్దెకు తెచ్చిన క్యాలిబ్రేటర్‌తో (తెర రంగు, వెలుతురు కొలిచి సరిచేసే పరికరం) తెర వెలుతురును చదరపు మీటరుకు 120 క్యాండెలాల దగ్గర నిలిపారు.

బల్ల మీద అమరిక

రెండు సెకండ్‌హ్యాండ్ మాన్యువల్ ఫ్లాషులు, రేడియో ట్రిగ్గర్ (తీగ లేకుండా కెమెరా నుంచి ఫ్లాషుల్ని వెలిగించేది), రెండు స్టాండ్లు, ఒక 60 × 90 సెం.మీ. సాఫ్ట్‌బాక్స్ (ఫ్లాష్ వెలుగును మెత్తబరిచే గుడ్డ పెట్టె), తెల్ల, నల్ల ఫోమ్ బోర్డులు, రోల్ కాగితం, గ్రే కార్డు (రంగు సరిచూసుకునే బూడిద రంగు అట్ట). మొత్తం 2,400 పాయింట్లు, అంటే 24 గంటల జీతం. ఎల్‌ఈడీ లైట్లు వద్దన్నాను. చవకవాటిలో రంగుల నాణ్యత నమ్మలేం, కొన్ని మినుకుమంటాయి. ఎఫ్/11కు చాలినంత వెలుగిచ్చేవి ఖరీదు. వీడియో అడిగే పార్టీలు వస్తే అప్పుడు చూసుకోవచ్చు.

తెల్ల కాగితం గోడ మీంచి బల్ల మీదికి మడత లేకుండా వంపుగా దిగుతుంది. కప్పుకు, వెనక కాగితానికి మధ్య 60 సెంటీమీటర్లు. ఇంకా దగ్గర పెడితే వెనక నుంచి వచ్చే తెలుపు కప్పు అంచుల్ని తినేస్తుంది. సాఫ్ట్‌బాక్స్ ఎడమ పక్క, కొంచెం వెనగ్గా, పైనుంచి వంచి, కప్పుకు అర మీటరు దూరంలో. కుడి పక్క 30 సెంటీమీటర్ల దూరంలో తెల్ల బోర్డు, నీడను కాస్త ఎత్తడానికి. రెండో ఫ్లాష్ వెనక కాగితం మీదికి, కప్పు మీద పడే వెలుగు కంటే ఒక స్టాప్ ఎక్కువ, అంటే రెట్టింపు. రెండు మూడు స్టాపులు పెంచితే బ్యాక్‌గ్రౌండ్ ఎలాగూ తెల్లగా వస్తుంది కదా అనిపిస్తుంది. ఆ అదనపు వెలుగు లెన్సులోకి తిరిగొచ్చి మొత్తం ఫొటో పొగ పట్టినట్టవుతుంది.

50 మి.మీ. లెన్సు, ఐఎస్‌వో 100, ఎఫ్/11, సెకనులో 1/125. ఫ్లాషులు టీటీఎల్‌లో (ఫ్లాష్ శక్తిని కెమెరానే నిర్ణయించే పద్ధతి) కాకుండా మాన్యువల్‌లో, ఎనిమిదో వంతు శక్తి దగ్గర. టీటీఎల్ అయితే నల్ల కప్పు పెట్టినప్పుడు వెలుగు పెంచుతుంది, తెల్ల కప్పుకు తగ్గిస్తుంది. 48 ఫొటోలకు 48 ఎక్స్‌పోజర్లు వస్తాయి. అన్నిటికీ ఒకే ఎడిట్ కాపీ చేయాలనుకునేవారికి అది ఆత్మహత్యా సదృశం.

మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష ఉంది. ఫ్లాషులు ఆపి, అవే సెట్టింగులతో ఒక ఫొటో తీయాలి. పూర్తి నల్లగా రావాలి. ఏదైనా కనిపించిందంటే గదిలోని వెలుగు ఫొటోలోకి వస్తున్నట్టు. కర్టెన్ వేయాలి, బల్బు ఆపాలి. తర్వాత కప్పు పక్కన గ్రే కార్డు పెట్టి ఒక ఫ్రేము. వైట్ బ్యాలెన్స్ అక్కడ తీసుకుని మొత్తం బ్యాచ్‌కు పెడతారు. ట్రైపాడ్ కాళ్లు, స్టాండ్లు, బల్ల మీద వస్తువు చోటు అన్నిటికీ రంగు టేపు గుర్తులు. అర మీటరు దూరంలో ఉన్న లైటు కొద్దిగా జరిగినా ఎక్స్‌పోజర్ కంటికి తెలిసేంత మారుతుంది. టేపు ఉంటే తర్వాతి నెల తీసే కప్పు పోయిన నెల కప్పు పక్కన ఒకే దుకాణంలో తీసినట్టు కనిపిస్తుంది. అమ్మకందారు మళ్లీ రావడానికి ఇది పెద్ద కారణం. ఎందుకో చాలామంది దీన్ని చిన్న విషయంగా చూస్తారు.

చిన్న వస్తువులకు ముందూ వెనకా రెండూ ఫోకస్‌లో ఉండక ఆమె ఎఫ్/22కు వెళ్లేవారు. ఏపీఎస్-సీ 24 మెగాపిక్సెళ్లలో ఎఫ్/16 దాటితే డిఫ్రాక్షన్ (లెన్సులోని చిన్న రంధ్రం గుండా వెళ్లే వెలుగు విచ్చుకోవడం) వల్ల వివరాలు మెత్తబడతాయి. దానికి బదులు కెమెరాను వెనక్కి జరిపి తర్వాత క్రాప్ చేయమన్నాను. దూరం పెరిగితే ఫోకస్ లోతు పెరుగుతుంది. ఇవ్వాల్సిన ఫైలు పొడవాటి వైపు 2000 పిక్సెళ్లే, సెన్సర్‌లో 6000 ఉన్నాయి. అమెజాన్ లాంటిచోట్ల మొదటి ఫొటోకు బ్యాక్‌గ్రౌండ్ పూర్తి తెలుపు, అంటే 255, 255, 255 ఉండాలి. వస్తువు ఫ్రేములో 85 శాతం నిండాలి. జూమ్ పనిచేయడానికి పొడవాటి వైపు కనీసం 1000 పిక్సెళ్లు కావాలి. 2000తో అన్నీ తీరిపోతాయి.

కప్పు మీద మెరిసే గ్లేజ్ (గాజులాంటి పూత) మీద సాఫ్ట్‌బాక్స్ తెల్ల దీర్ఘచతురస్రంలా కనబడటం ఇంకో తలనొప్పి. ఎడిటింగ్‌లో దాన్ని చెరిపే ప్రయత్నం చేయకూడదు, ఫొటోకు పావుగంట పోతుంది. సాఫ్ట్‌బాక్స్‌కు, కప్పుకు మధ్య పెద్ద డిఫ్యూజన్ షీటు కడితే ఆ ప్రతిబింబం అంచులు కరిగి గ్లేజ్ మెరుపుగా మారుతుంది. తెల్ల కప్పు తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోతుంటే రెండు పక్కలా ఫ్రేముకు కాస్త బయట నల్ల బోర్డులు నిలబెట్టాలి. అంచుల్లో సన్నటి ముదురు గీత వస్తుంది.

దుమ్ము విషయంలో ఒక్కటే నియమం: కెమెరా ముందు తుడవాలి. కాటన్ గ్లవుజులు, బ్లోయర్, నూగు రాలని గుడ్డ. తుడవడానికి అర నిమిషం, అదే దుమ్మును తెర మీద చెరపడానికి నాలుగు నిమిషాలు.

గంటలు ఎంత తగ్గాయి

అవే 12 కప్పులు, 48 ఫొటోల పని మూడో బ్యాచ్‌కల్లా ఇలా వచ్చింది. అమర్చడం ముప్పావుగంట. షూటింగ్ 3 గంటలు, అంటే కప్పుకు 15 నిమిషాలు. ఎడిటింగ్ ఫొటోకు 4 నిమిషాల చొప్పున 3 గంటల 12 నిమిషాలు. ఫైళ్లు పంపడం, బిల్లు, మాటలు 1 గంట. సరుకు తెచ్చి ఇవ్వడం అరగంట. మొత్తం ఎనిమిదిన్నర. రేటు ఒక్క పాయింటు పెంచకుండానే గంటకు 36 ఉన్నది 113 అయింది.

నెలకు ఇలాంటి బ్యాచ్‌లు రెండయితే 17 గంటలు, 1,920 పాయింట్లు. పరికరాల ఖర్చును రెండేళ్లకు సర్ది నెలకు 100, కాగితం, బ్యాటరీలు, ప్రయాణానికి 130 తీసేస్తే 1,690. లక్ష్యానికి పది తక్కువ, 24కు బదులు 17 గంటల్లో.

రేటు, షరతులు

గంటలు తగ్గాక కూడా ఒక బ్యాచ్ దెబ్బతీసింది. ఒకరు 20 వస్తువులకు ఒక్కో ఫొటో చొప్పున అడిగారు. ఫొటోకు 20 అంటే 400. కానీ వస్తువును తుడిచి, నిలబెట్టి, లైటు సర్దడానికే 9 నిమిషాలు పడుతుంది, నాలుగు కోణాలూ తీయడానికి 6 నిమిషాలే. ఖర్చంతా వస్తువు మార్చడంలో ఉంటే ఫొటో లెక్కన రేటు పెట్టడం తప్పు. అందుకే ఫొటో రేటు తీసేసి వస్తువుకు 80, అందులో నాలుగు కోణాలు, కనీసం 8 వస్తువులు అని మార్చాం. ఒక్క కోణం చాలన్నవారికీ 55. ఇద్దరు వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లడం వల్ల ఖాళీ అయిన సాయంత్రాలు మిగతావారికి సరిపోయాయి.

సగం అడ్వాన్సు, మిగతాది చిన్న సైజు ఫొటోలు చూపించాక, పెద్ద ఫైళ్లు ఇవ్వకముందు. ఒక విడత మార్పులు ఉచితం, అవన్నీ ఒకే మెసేజులో రావాలి. "మార్పు" అంటే క్రాప్, వెలుతురు, రంగు. కొత్త కోణం కావాలంటే కొత్త ఫొటో కిందే లెక్క. ఇంత వివరంగా రాసుకోకముందు ఒక అమ్మకందారు రోజుకో మార్పు చొప్పున రెండు వారాలు పంపారు.

హక్కుల మాట కూడా రాసుకోవాలి. మొదటి ఆర్డరు ఫొటోలు ఒక టోకు వ్యాపారి కరపత్రంలో కనిపించాయి. అలా వాడకూడదని ఎక్కడా రాసుకోలేదు కాబట్టి అడిగేందుకూ ఏమీ లేదు. కాపీరైటు ఎవరిదన్నది దేశాన్ని బట్టి, ఒప్పందాన్ని బట్టి మారుతుంది. మౌనంగా ఉండి చట్టం మీద భారం వేయడం కంటే ఒక పేజీ కాగితం నయం. అమ్మకందారు సొంత ఆన్‌లైన్ దుకాణాలకు, సొంత సోషల్ మీడియా పేజీలకు వాడుకోవచ్చు, అచ్చు ప్రకటనలకు, ఇతరులకు ఇవ్వడానికి వేరే రుసుము అని రాసుకున్నారు. ఇది రెండు వైపులా వర్తిస్తుంది. ఆ కప్పుల ఫొటోలను స్టాక్ సైట్లలో పెట్టొచ్చా అని ఆమె అడిగారు. కూడదు. డిజైను ఇంకొకరిది, వారి అనుమతి పత్రం లేకుండా వాణిజ్య వాడకానికి ఇవ్వలేం.

పని ఎలా దొరికింది

పక్షుల ఫొటోలున్న పేజీ చూపించి "వస్తువుల ఫొటోలు తీస్తాను" అంటే ఎవరూ నమ్మలేదు. రేటు తగ్గించి చూశారు, బేరమాడేవారే వచ్చారు. పనిచేసింది వేరే పద్ధతి. ఫొటోలు బలహీనంగా ఉన్న చిన్న అమ్మకందారును ఎంచుకుని, వారి వస్తువు ఒకటి కొని లేదా అడిగి తెచ్చుకుని తీయడం. పాతదీ కొత్తదీ పక్కపక్కన, ఫోనులో కనిపించే బొటనవేలంత సైజులో పంపడం. పెద్ద ఫొటోలో తేడా కళాత్మకంగా కనిపిస్తుంది, చిన్న ఫొటోలో అమ్మకానికి సంబంధించినదిగా కనిపిస్తుంది. కొనేవాడు మొదట చూసేది ఆ సైజులోనే. ఉచితంగా ఒక్క వస్తువే, అదీ 600 పిక్సెళ్ల ఫైలు. 14 మందికి ఇలా పంపితే ముగ్గురు పని ఇచ్చారు.

వేటికి కాదన్నాం

లోహపు నగలు ఒకసారి ఒప్పుకున్నారు. అద్దంలాంటి ఉపరితలంలో కెమెరా, గది, ఆమె చేతులు అన్నీ కనిపించాయి. ఒక్కో నగకు ఫోకస్ మార్చుతూ 12 ఫ్రేములు తీసి కలపాల్సి వచ్చింది. వస్తువుకు గంటన్నర. దానికి మాక్రో లెన్సు (అతి దగ్గరగా తీసే లెన్సు), వేరే అమరిక, మూడు రెట్ల రేటు కావాలి. ప్రస్తుతానికి కాదన్నాం. గాజు సీసాలకు మాత్రం సరేనన్నాం. వెనక తెల్లటి వెలుగు, రెండు పక్కలా నల్ల బోర్డులు పెడితే చాలు. అమరిక మార్చడానికి 20 నిమిషాలు, తర్వాత అదే వేగం. మోడల్‌కు తొడిగి తీసే దుస్తుల పని వద్దన్నాం. మనిషి రాగానే గంటలు మళ్లీ ఆమె చేతిలోంచి జారిపోతాయి, వేడుకల కథే.

కొత్త పని వచ్చినప్పుడు ఆమె ఇప్పుడు అడిగే ప్రశ్నలు మూడే. ఇది ఇప్పుడున్న టేపు గుర్తుల మీద సరిపోతుందా? మళ్లీ వస్తుందా? తీసే సమయం ఎవరు నిర్ణయిస్తారు? రెండింటికైనా సరైన జవాబు లేకపోతే రేటు ఎంత చెప్పినా పక్కన పెడుతున్నారు.

ఇంకా తేలనిది

ఎనిమిది నెలలు గడిచేసరికి మూడు నెలలు లక్ష్యం దాటారు, రెండు నెలలు దగ్గరికొచ్చారు, మిగతావి పద్ధతి సరిచేసుకోవడంలో పోయాయి. కానీ ఆదాయంలో 60 శాతానికి పైగా ఒకే అమ్మకందారు నుంచి వస్తోంది. ఆ మనిషి ఒక కెమెరా కొనుక్కున్నా, అమ్మకాలు పడిపోయినా ఆమె లెక్క సగానికి పైగా పోతుంది. పైగా ఆయన నెలలో చివరి క్షణంలో సరుకు పంపి, ఆమె ఖాళీగా ఉంచుకున్న రెండు ఆదివారాల్లో ఏది కావాలో ముందు చెప్పరు.

దీనికి రెండు మార్పులు చేశాం. ఆదివారాన్ని 10 రోజుల ముందు అడ్వాన్సుతో ఖాయం చేసుకోకపోతే అది వేరేవారికి ఇచ్చేస్తారు. ఈ షరతు ఆయనకూ చెప్పారు, ఒప్పుకున్నారు. నెలలో మూడు గంటలు డబ్బొచ్చే షూటింగ్ పెట్టుకోకుండా, కొత్త అమ్మకందారులకు నమూనాలు తీసి పంపడానికే కేటాయించారు. ఆ మూడు గంటలను కూడా ఖర్చు కింద పట్టికలో రాస్తున్నారు. 17కు 3 కలిస్తే 20, గంటకు మిగిలేది 84 దగ్గర పడుతుంది, 71కి పైనే ఉంది. ఆ ఒక్కరి వాటా 40 శాతానికి దిగేదాకా రేటు పెంచే ఆలోచన వాయిదా వేశాం.